దావత్‌కు కట్టెలు

బయట తెలంగాణ బంద్. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్లో, దించిన షట్టర్ వెనక, లెక్చరర్ ఒకమ్మాయికి చరిత్ర పేపర్ తిరిగిస్తున్నాడు.

“రెండు మార్కులు తగ్గాయమ్మాయ్. ఫ్రీ బ్యాచ్‌లో నీకిక సీటుండదు.”

“ఏం తప్పు రాసిన సార్?”

“కొత్త రాష్ట్రాలొస్తుంటే అమెరికా వాళ్లు దేశపటం మీద అడ్డంగా గీత గీశారు. గీతకు పైన బానిసత్వం వద్దు, కింద ఉండొచ్చు. ఆ రాజీతో దేశం ముప్పయ్యేళ్లు నిలబడింది. నువ్వేమో ‘దొంగల పంపకం’ అని రాశావు!”

“బానిసలను అడిగిన్రా సార్?”

“వాళ్లనెవరడుగుతారు?”

“మా ఊళ్లె గూడ గంతే. ఇద్దరు దొరలు పొలిమేర కాడ కొట్లాడి, రాజీ పడి, దావత్ చేసుకొని, వెట్టోళ్లను చెరి సగం పంచుకున్నరు. గా దావత్‌కు కట్టెలు కొట్టింది మా తాతనే.”

“సరేలే. ‘దొంగల’ అన్న ఒక్క మాట కొట్టెయ్, రెండు మార్కులూ వేస్తాను. నీ సీటు నీకుంటుంది.”

“గీ దావత్ గూడ మీరే తినుండ్రి సార్, నేనైతే కట్టెలు కొట్ట. జర షట్టర్ లేపుండ్రి.”