పూలు లేని మడి

హలో… ఆ, నేనే. చెప్పు తమ్ముడూ. తేనె తీసే మిషన్ ఇంకా రిపేర్లోనే ఉంది, షాపు ముందే పడిగాపులు కాస్తున్నా…

క్లోవర్ గడ్డి కోసేశావా? హమ్మయ్య! పై మడే కదా?

…కింది మడా?

ఉండు. ఉండుండు… కింద వేసింది తెల్లపూలదిరా! కొయ్యాల్సింది పై మడిలో పూత అయిపోయిన పసుపుపూలది!

…రెండూ ఒకేలా ఉన్నాయంటే? అవి అక్కాచెల్లెళ్లురా, అలాగే ఉంటాయి! ఆకు అదే, కాడ అదే, వాసనా అదే. పసుపుది ముందు పూస్తుంది, తెల్లది రెండు వారాలు ఆగి పూస్తుంది. ఇది రాలేసరికి అది అందుకుంటే తేనెటీగలు పస్తుండవనేగా రెండు మడులు వేసింది! ఎన్నిసార్లు చెప్పాను? చెవికెక్కితేగా!

…పూలు లేవు కాబట్టి అయిపోయిందనుకున్నావా? సరే. కోసినదాంట్లోంచి ఒక కొమ్మ తియ్యి… తీశావా? పూలు రాలితే కాయలుండాలి కదా. బియ్యపుగింజ కంటే చిన్నవి. పసుపుదైతే కాయ మీద అడ్డంగా ముడతలుంటాయి. తెల్లదైతే వల అల్లినట్టు గీతలు…

ముడతలూ లేవు, గీతలూ లేవా?

…కాయలే లేవా. అన్నీ మొగ్గలా.

అయ్యో… అది అయిపోలేదురా. ఇంకా మొదలే కాలేదు. …పై మడి ఇంకా పూతలోనే ఉందా?

నలభై పెట్టెలు! పది రోజుల్లో పసుపుది రాలిపోతే ఆ ఈగలు ఏం తింటాయి, నీ తలకాయా? పోయినేడాది తిండి లేక సగం పెట్టెలు ఖాళీ అయ్యాయి. ఈసారీ అలా అయితే ఇక ఈ పని మానెయ్యడమే…

నేనేం అరవట్లేదు!

…ఏ చీటీ? తలుపుకి అంటించిందా? అందులో అరటిపండు ఒలిచినట్టు రాశాగా! చదువు.

…ఇంకోసారి చదువు.

"పూలు లేని మడి కొయ్యి." అంతేనా? వెనక చూడు… పసుపు అని ఎక్కడా లేదా?

…ఆ.

నేను బయల్దేరేటప్పుడు… ఈపాటికి పసుపుది రాలిపోయి, తెల్లది విచ్చుకుంటుందనుకున్నా. ఈ పాడు చలికి రెండూ వెనకబడ్డాయి… లేదులే. నీ తప్పేం లేదు… విన్నావుగా, మళ్లీ చెప్పించకు.

ఒక్కటి చెప్పు. మోళ్లు ఎంత వదిలావ్? నేలమట్టంగా కోస్తే ఇక చిగురించదు…

మోకాలెత్తా? అంతెందుకు?… వంగితే నడుం పట్టేస్తోందనా! మోళ్లకి ఆకులున్నాయా? సరిగ్గా చూడు… ఉన్నాయా?

ఓరి నీ బద్ధకం పాడుగాను… నవ్వట్లేదురా. ఏడవట్లేదు కూడా. చిగురిస్తుంది. నెల పడుతుందేమో, అప్పటిదాకా చక్కెర నీళ్లు పెట్టి నెట్టుకొద్దాం. కానీ పూస్తుంది.

విను, పై మడి జోలికి మాత్రం పోకు. పూసినన్నాళ్లు పూయనీ… ఆ, ఇంక పనేం లేదు… ఏంటీ?

ఊరికే ఉండటమెందుకని మోళ్లు నున్నగా కోసేస్తావా? వద్దు! కొడవలి కింద పెట్టు. పెట్టావా?… నీకు దణ్ణం పెడతా, ఇంటికెళ్లి పడుకోరా నాయనా!