నల్లకోటు బాయిల దిగిండు

“థూ! గదొక సినిమానా? గంతకన్న గోదారి ఒడ్డుకు పోయి ఇసుకల కూసున్నా మంచిగుండు.”

“మెల్లగ. నీ ఉమ్ము చాయ గిలాసల పడుతది.”

“పడనీ. చాయ సుత చేదుగనే ఉన్నది.”

గోదావరిఖని, పంతొమ్మిది వందల డెబ్భై నాలుగు, ఆదివారం పొద్దున. బొగ్గుబాయిలో పనిచేసే రాయమల్లు ఇంటి ముందు మంచం వాల్చుకొని కూర్చున్నాడు. భార్య పూలమ్మ అరుగు మీద బియ్యం ఏరుతోంది. నిన్న సాయంత్రం ఇద్దరూ కొత్త సినిమాకు పోయారు. హాల్లోంచి అందరికంటే ముందు బయటపడ్డ మనిషి రాయమల్లే. లేచిన దగ్గర్నుంచి ఆ సినిమాను అందరికంటే ఎక్కువ తిడుతున్న మనిషీ ఆయనే.

“ఏడోది ఇది. ఆరు సినిమాలు కండ్లకద్దుకొని చూసిన. ఓడల నల్లకోటు, మంచుల నల్లకోటు, ఇమానంల నల్లకోటు... దేంట్ల సుత గింత రోత లేదు. పాతాళంల నల్లకోటట! పాతాళమంటె ఏందో ఎరుకేనా వానికి? వాడు గూఢచారా, పెండ్లికొచ్చిన సుట్టమా?”

“రిక్షాల మైకు పెట్టుకొని తిరిగినోన్ని అను. ‘మన బొగ్గుబాయి సినిమా, మన కార్మికుల సినిమా’ అని మూడొద్దుల సంది చెవులు చిల్లులు పొడిచిండు.”

“మన సినిమా! మన మొఖాలే ఉన్నయా అండ్ల? నల్లకోటు ఏసుకొని, తెల్ల బూట్లు తొడుక్కొని బాయిల దిగిండు. పైకొచ్చిండు. బూట్లు తెల్లగనే ఉన్నయ్! ముక్కు శీదితే రెండొద్దులు నల్లగొస్తది మనకు. వాడు కొట్లాడిండు, పొర్లిండు, హీరోయిన్ను కావలిచ్చుకొని పాట సుత పాడిండు. మరక లేదు.”

“దాని చీర సుత తెల్లదే. నా చీరలు నీ బట్టలతోని ఒక్క బకీట్ల నానేస్తేనే నల్లగైతయ్.”

“ఇంక ఆ వెలుతురు! బాయిల గంత వెలుతురు ఏడికెళ్ళి వచ్చె?”

“సారవ్వ గదే అన్నది. ‘ఇది బాయా, పెండ్లి పందిరా? మావోడు ఇన్నేండ్ల సంది చీకట్ల పనిచేస్తున్న అని అబద్ధం చెప్పిండా’ అన్నది. పోశం కాకైతే గుర్రు పెట్టి పండుకున్నడు. నడుమల లేచి ‘ఇంక బాయిలనే ఉన్నరా, షిఫ్టు అయిపోలేదా’ అనుకుంట మల్ల పండుకున్నడు.”

“అగ్గిపుల్ల గీసిండే! బాయిల అగ్గిపుల్ల గీసి సిగరెట్టు ముట్టిచ్చిండు! మనకు బాయి మీద జేబులు తడుముతరు, బీడీ ముక్క దొరికితే నౌకరి పీకుతరు. వాడు పొగ ఇడుసుకుంట, కాలు మీద కాలేసుకొని, ఇంగ్లీషుల మాట్లాడిండు.”

“గప్పుడే సదయ్య అన్న తెర మీదికి చెప్పు ఇసిరిండు. ఆ చెప్పు ఇంక దొరకలేదట. పొద్దుగాల ఒంటి చెప్పుతోని నల్లా కాడికొచ్చిండు.”

“మంచిగ చేసిండు. రెండోది సుత ఇసరాల్సుండె.”

“రెండోది ఇసిరేలోపట నువ్వు...”

“ఇంక ఆ దొంగను చూడు! దేశాన్ని అమ్ముకునేటోడు ఎవడంటె బొగ్గు పనోడట! మూతికి మసి పూసి నిలబెట్టిండ్రు. తట్ట పట్టి, చెమ్మసుతోని బొగ్గు ఎత్తేటోనికి దేశం రహస్యం ఎవడు చెప్తడే? బోనసు ఎప్పుడిస్తరో చెప్పరు మనకు! నాకు ఒకారమొచ్చింది.”

“అన్ని చెప్తున్నవ్. అసలుది చెప్తలేవు.”

“ఏం అసలుది?”

“ఇంటర్వెల్ అయినంక ఏమైంది?”

“ఏమైంది? బాగలేదు. లేచొచ్చిన.”

“లేచొచ్చినవా? లేచొచ్చినవా! ఆడోళ్ళ బెంచీల మీదికెళ్ళి దుంకి, నా తొడ మీద కాలేసి, ‘ఉరుకుండ్రి, ఉరుకుండ్రి’ అని ఒర్రుకుంట ఆడోళ్ళ తలుపులకెళ్ళి బయటపడ్డవ్. ఇగో, తొడ కమిలింది చూడు.”

“మెల్లగ మాట్లాడు.”

“ఖని మొత్తానికి ఎరుకే. ఇంకెవ్వలకు ఇనపడద్దని మెల్లగ?”

“నువ్వు ఇన్లేదే ఆ చప్పుడు. ఇన్నా నీకు తెల్వది. కప్పు కింద నిలబెట్టిన టింబరు ఇరిగే ముందు మూలుగుతది. ముసలోడు మంచంల మెసిలినట్టు. ఆ చప్పుడు వాళ్ళు తయారు చేసింది కాదు. ఏదో బాయిల దిగి పట్టుకచ్చిండ్రు. సినిమా అంత అబద్ధం, అదొక్కటి నిజం. అబద్ధం నడుమ గంత నిజం పెడుతరా ఎవ్వడన్న? రోత పుట్టినోళ్ళు!”

“సినిమాల కప్పు కూలితే నీ మీద పడుతదా?”

“గది ఇన్నంక ఆగద్దు. ఎందుకని అడుగద్దు. ఒకడు ఉరికితే అందరు ఉరుకుడే. ఆగి అడిగినోడు అడుక్కుంటనే ఉంటడు బండ కింద. బాయి పద్ధతి అది.”

“గందుకేనా బెంచీలోళ్ళంత నీ ఎన్క ఉరికింది? సదయ్య అన్న ఒంటి చెప్పుతోని ఉరికిండు. గేటు కాడ టికెట్లు చింపే నర్సింగం ఉరికిండు. వాడు బాయి పని ఇడిసి ఎన్నేండ్లాయె! పోశం కాక నిద్రల ఉన్నోడు, నిద్రలనే ఉరికిండు. పైన కుర్సీలల్ల కూసున్న సార్లు, వాళ్ళ ఆడోళ్ళు కడుపులు పట్టుకొని నవ్విండ్రు. వాళ్ళకు సినిమా మస్తు నచ్చిందట.”

“నచ్చుతది. ఉరికేటోన్ని చూస్తే కూసున్నోనికి నవ్వే.”

“అందరు ఉరికిండ్రు గని, బెంచీలల్ల ఒక్కడు ఉరుకలే.”

“ఎవడు?”

“ఎవడో నీకు ఎరుకే. నీ పక్కన కూసున్నోడు.”

“చాయ పొయ్యి ఇంకింత.”

“చేదున్నదంటివి?”

“ఉంటే ఉండనీ. పొయ్యి.”

“ఆమోసు. యిర్మియా బావ కొడుకు. రేపు సోమారం మొదటి షిఫ్టుకు బాయిల దిగేటోడు. నీ జట్టుల, నీ ఎంబడి. ‘నా కన్ను లెక్క చూసుకుంట’ అని వాళ్ళ అవ్వ మార్తమ్మక్కకు మాటిచ్చినవ్. గా పిల్లగాన్ని పక్కన ఇడిసిపెట్టి నువ్వు...”

“సినిమా హాలే అది! హాల్ల ఏమైతది వానికి?”

“నువ్వు ఉరికినప్పుడు అది హాలనుకోలేదు గద.”

“పాడు సినిమా. హాలోనితోని పైసలు వాపసు కక్కియ్యాలె.”

“నువ్వు పోయినంక నల్లకోటు ఏం చేసిండో ఎరుకేనా?”

“నాకెందుకు?”

“ఎన్కకు పోయిండు. అందరు బయటికి ఉరుకుతాంటె వాడొక్కడు ఎన్కకు పోయిండు. బండ కింద పడ్డోన్ని గుంజి, భుజానేసుకొని పైకి తెచ్చిండు. ఒంటి చేత్తోని.”

“ఒంటి చేత్తోని?”

“రెండో చేతుల సిగరెట్టున్నది.”

“థూ! థూ! ఎవ్వడు తేడు గట్ల. ఎవ్వనితోని కాదు. ఇద్దరు మనుషులు గడ్డపార ఏసి లేపితే కదలది బండ. గది చూసినోళ్ళు ఏమనుకుంటరు? తేవచ్చు అనుకుంటరు. తేనోడు కావాల్నని తేలే అనుకుంటరు. గిట్లాంటివి తీసేటోళ్ళను... మార్తమ్మక్క చూసిందా గది?”

“నా పక్కనే కూసున్నది.”

“చూసి ఏమన్నది?”

“ఏమనలేదు. కొంగు నోట్ల కుక్కుకున్నది.”

“ఏమనలేదా?”

“ఏమనలేదంటి గద. అడుగుపో నువ్వే. అగో, వస్తనే ఉన్నది.”

చర్చి నుంచి నేరుగా వచ్చినట్టుంది, మార్తమ్మ చంకలో బైబిలు సంచి అట్లాగే ఉంది. ఆమె భర్త యిర్మియా, రాయమల్లు ఒకే జట్టులో ఏళ్ల తరబడి బొగ్గు ఎత్తారు. పోయిన ఎండాకాలం కప్పు కూలి యిర్మియా చనిపోయాడు. ఆయన పోయినందుకు ఇచ్చిన ఉద్యోగమే రేపటి నుంచి కొడుకు ఆమోసుది.

“ఇంట్లనే ఉన్నవా తమ్మి?”

“రా అక్క, రా. ఏమే, పీట ఎయ్యి. చూసినవా అక్క, ఎంత రోత సినిమా తీసిండ్రో! నేను పొద్దుగాల సంది గదే అంటున్న...”

“రోత సినిమానే. ఆయనుంటే నీకంటె ఎక్కువ తిట్టేటోడు.”

“తిట్టేటోడు. తిట్టి మల్ల రేపటి ఆటకు పోదాం అనేటోడు. ఒక్క నల్లకోటు ఇడువలే అక్క మేం. డ్యూటీ దిగి మొఖం సుత కడుగకుంట పోయేటోళ్ళం.”

“ఎరుకే. ఏడోది ఎప్పుడొస్తదో అని ఎదురుచూసిండు. గందుకే పోయిన తమ్మి, ఆయన బదులు చూద్దామని. లేకుంటే నాకెందుకు సినిమాలు?”

“బాయంటె ఏందో తెల్వనోడు తీసిండక్క. యూనియన్ల మాట్లాడుత నేను. ఆ హాలోడు...”

“తమ్మి.”

“...టికెట్టు పైసలు అందరివి వాపసు...”

“తమ్మి. ఒక్క మాట అడుగుదామని వచ్చిన.”

“అడుగు.”

“ఆయన పోయిన దినం దవాఖాన కాడ నువ్వు నాకో మాట చెప్పినవ్. గది మల్ల చెప్పు.”

“ఇప్పుడెందుకక్క?”

“చెప్పు.”

“చెయ్యి పట్టుకొని గుంజిన. బండ కదలలే. ఊపిరి పొయ్యేదాక చెయ్యి ఇడువలే నేను. ‘మార్తమ్మను, పిల్లగాన్ని చూసుకో రాయమల్లు’ అన్నడు. గంతే. కండ్లు మూసిండు.”

“మార్తమ్మ అన్నడా?”

“అన్నడు.”

“గదే మాటనా?”

“అన్నడంటున్న గద అక్క.”

“మా పెండ్లయిన్నాటి సంది నా పేరు ఆయన నోట్లకెళ్ళి రాలే తమ్మి. పెండ్లినాడు చర్చిల అయ్యగారు నా పేరు పలుకుమంటె, సిగ్గుకు గొణిగిండు, నాకే ఇనపడలే. ‘ఓయ్’ అనేటోడు. కోపమొస్తే ‘ఆమోసు అవ్వా’ అనేటోడు. మార్తమ్మక్క అని నా పేరు పలికేది నువ్వు.”

“అక్క, ముందుగాల ఇంత చాయ తాగుదువు...”

“ఉండు పూలమ్మ.”

“పాణం పొయ్యేటప్పుడు మనిషి ఏమన్న అంటడక్క. పేరు సుత...”

“అంటడేమో అని నేను సుత అనుకున్న. మంచి మాట గద, ఎందుకు ఇప్పిచూసుడు అని కొంగున ముడేసి పెట్టుకున్న. నిన్న నీ మొఖం చూసిన. బెంచీలు దుంకేటప్పుడు. నీకు నేను కానరాలే. పూలమ్మ కానరాలే. నా కొడుకు కానరాలే.”

“ఆ చప్పుడక్క... ఆ చప్పుడు నువ్వు...”

“ఆ దినం సుత గట్లనే ఉరికినవా?”

“ఏమే, నువ్వు లోపలికి పో.”

“పోను. నువ్వు చెప్పేది నేను సుత ఇంట.”

“...ఉరికిన.”

“ఏమంటున్నవ్?”

“ఉరికిన అక్క. ఉరికిన. కర్ర మూలిగింది. ‘బావా, ఉరుకు’ అని ఒర్రిన. ఆయన నవ్విండు. ‘రోజు మూలిగేదే గదరా, ఈ తట్ట నింపుకొని వస్త’ అన్నడు. నేను ఆగలే. ఎన్కకు మల్లి చూడలే. చెయ్యి పట్టుకున్న మాట నిజం. బండ లేపినంక పట్టుకున్న. అప్పటికే సల్లగుండె.”

“మరి ఇన్ని దినాలు నాకొక్క ముక్క చెప్పకపోతివి!”

“నీకేం చెప్పాలెనే? పిరికోన్ని కట్టుకున్నవని చెప్పాల్నా?”

“పూలమ్మ, ఉండు. నవ్విండా తమ్మి?”

“నవ్విండు.”

“భయపడలేదా?”

“ఆయనకు భయమెక్కడిదక్క? మా జట్టుల ఆయనంత ధైర్యం ఎవ్వనికి లేదు. నాకు లేదు. థూ నా బతుకు! ఆ నల్లకోటోన్ని పొద్దుగాల సంది తిడుతున్న. తిట్టాల్సింది ఎవన్నో నాకు ఎరుకే. నువ్వు తిట్టు. చెప్పు తీసుకొని కొట్టు. నేను మాట్లాడ.”

“కొట్టేతందుకు రాలే.”

“ఆమోసును నా ఎంబడి తోలకక్క. పని పంచే సర్దారు కాళ్ళు పట్టుకొనన్న సదయ్య జట్టుల ఏపిస్త. లేకుంటే పోశం కాక జట్టు. వాళ్ళు ధైర్యమున్నోళ్ళు. పిల్లగాన్ని ఇడిసిపెట్టి రారు.”

“ధైర్యమున్నోళ్ళు నాకు వద్దు.”

“అక్కా?”

“నిన్న హాలంత లేచి ఉరికింది. నా కొడుకు కూసున్నకాడ కూసున్నడు. మీరు ఉరుకుతాంటె మిమ్ములను చూసి నవ్విండు. అచ్చం వాళ్ళ నాయిన తీరుగ నవ్విండు. గా నవ్వు చూసినప్పటి సంది నా పాణం కొట్టుకుంటనే ఉన్నది తమ్మి. చర్చిల కూసున్న గని ఒక్క మాట చెవిన పడలే.”

“నా మీద నీకు రోత లేదా అక్క?”

“ఉన్నది. ఎందుకు లేదు? మాటిచ్చి తప్పినవ్, ఆయన అనని మాట నాకు చెప్పినవ్. గా రోత నాతోనే ఉంటది, ఇప్పుడే పోదు. అయిన వాన్ని రేపు నీకే అప్పజెప్తున్న. తట్ట పట్టుడు, చెమ్మసు పట్టుడు ఎవ్వలన్న నేర్పుతరు. నువ్వు నా కొడుకుకు ఉరుకుడు నేర్పు.”