కుర్చీ అడుగున ఎడమచేతి కుట్టు

జడ్జిగారూ, నిన్న సోమవారం సాక్షి బోనులో నేను ఏదీ సరిగా చెప్పలేకపోయాను. రాసి ఇమ్మని మీరే అన్నారు. ఇవాళ దుకాణంలో చూసింది చూశాక రాయక తప్పలేదు.

నాకు యాభై ఏళ్ళు. పదో తరగతి చదివాను. మా తమ్ముడి సోఫాల మరమ్మతు దుకాణంలో చేతికుట్టు పని నాది. ఈ కేసులో ముద్దాయి మా తమ్ముడే.

పోయిన నెల పన్నెండో తారీకు ఉదయం పదకొండింటికి ఒక పాత కుర్చీ సీటు విప్పాను. అది వాడిన పెద్దాయన చనిపోతే, కొత్త గుడ్డ వేయమని ఆయన కోడలు పంపింది. పీచు మధ్యలో నూనెగుడ్డ మూట తగిలింది. విప్పితే పిస్తోలు. ఒక్కసారే చూశాను. వెంటనే చుట్టేశాను. ఒక్కసారే చూశాను.

మా నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. సీట్లలో దువ్వెనలు, తాళంచెవులు దొరుకుతాయి. ఒకసారి కట్టుడుపళ్ళు కూడా దొరికాయి. ఏది దొరికినా చిన్న సంచిలో పెట్టి, సీటు అడుగున కుట్టి, సొంతదారుకు పంపాలి. ముప్పై ఏళ్ళుగా అదే చేస్తున్నాను. భయంతో బుర్ర ఆగిపోయింది గానీ చెయ్యి దాని పని అది చేసుకుపోయింది, ఆ మూటనీ సంచిలో పెట్టి సీటు అడుగున కుట్టేసింది. తమ్ముడు మేకులు కొనడానికి వెళ్ళాడు. వచ్చాక చెప్పలేదు. చెప్పాల్సింది.

మూడింటికి పోలీసులు వచ్చారు. పెద్దాయన దగ్గర లైసెన్సు లేని పిస్తోలు ఉండేదని ఎవరో చెప్పారట. కొత్త గుడ్డ, కొత్త దారం చూసి, దాచింది మేమే అన్నారు. ఎవరు కుట్టారని అడిగారు. నేను నోరు తెరిచేలోగా తమ్ముడు ముందుకొచ్చాడు.

"నేనే సార్. అక్కకి సూదిలో దారం ఎక్కించడానికే పూట పడుతుంది."

వాళ్ళు నవ్వారు. నేను ఊరుకున్నాను.

సంచి కుట్టు ఎడమకి వాలి ఉందని, అది ఎడమచేతివాటం వాళ్ళ కుట్టని నిన్న తమ్ముడి తరఫు లాయరు చూపించాడు. గురువారం కోర్టులో తమ్ముణ్ణి కుట్టి చూపమన్నారు మీరు. నేను కుట్టేది ఎడమచేత్తో. వాడికి మేకులు కొట్టడమే వచ్చు.

ఇవాళ ఒకటిన్నరకి అన్నం తీసుకెళ్ళాను. బెయిలు మీద ఉన్నాడు కదా, దుకాణంలోనే ఉన్నాడు. మిషను వెనక కూర్చుని ఎడమచేత్తో కుడుతున్నాడు. మూడు వేళ్ళకి కట్లు. కాళ్ళ దగ్గర ఏడు గుడ్డముక్కలు. ఏడోది దాదాపు నా కుట్టే.

"ఏంట్రా ఇది?" అన్నాను.

"నువ్వెళ్ళి దేవుడి దగ్గర కూర్చో అక్కా. గురువారం దాకా నోరు విప్పకు."

కూర్చున్నాను. ఆయన ముందు కూర్చుని ఊరుకోవడం నావల్ల కాలేదు.

కుట్టింది నేను. తమ్ముడికి ఏమీ తెలియదు. దీనికి గుచ్చిన గుడ్డముక్క ఇప్పుడే కుట్టాను, సంచి పక్కన పెట్టి చూడండి. నాకు ఏ శిక్ష పడినా సరే. ఈ కాగితాలు మీ దగ్గరే ఉంచండి, గురువారం దాకా వాడికి చూపించకండి. ఆ ముక్క కంటబడితే ఎనిమిదోది అచ్చం నాలాగే కుట్టేస్తాడు.

పైదంతా నా చేతులారా చేసింది, నా కళ్ళారా చూసింది. ఎవరూ చెప్పి రాయించలేదు. బడిలో నేర్పినట్టు కుడిచేత్తో రాశాను. సంతకం మాత్రం ఎడమచేత్తో పెడుతున్నాను.

(సంతకం)