మూడు కిలోల బరువు

ప్రత్తిపాడులో జిమ్ మెట్ల మీద, ఆడవాళ్ల బ్యాచ్ మొదలయ్యే వేళకి భార్యాభర్తలు గొడవపడుతున్నారు.

"ఏమయ్యా, నాకు బరువులివ్వొద్దని కోచ్‌కి చెప్పింది నువ్వేనా?"

"నేనే. నడిచే మిషన్ చాల్లే నీకు. డంబెల్స్ ఎత్తితే చేతులు మగాడి చేతుల్లా తయారవుతాయి."

"చేరి వారం కాలేదు. ఎత్తేది మూడు కిలోలు. ఒళ్లు కాస్త గట్టిపడి చక్కగా కనబడాలని వచ్చాను."

"ఎవరికి కనబడాలి?"

"అద్దంలో నాకు. పోయినేడాది మిరప చేలో మందు కొట్టే ట్యాంకు నా వీపుకి తగిలించావే, ఇరవై లీటర్లది! అప్పుడు మగాణ్ణైపోతానని భయమెయ్యలేదా?"

"అది పని."

"నీ చేనుకైతే పని, నా ఒంటికైతే సోకా?"

"అరవకే, జనం వింటున్నారు."

"విననీ. ఊరందరికీ తెలియనీ."

"ఇంటికి పద. నీకు జిమ్మూ వద్దు, ఏమీ వద్దు."

"చెయ్యి వదులు. వదలమన్నానా!"

అతను వదిలాడు. ఆమె చెప్పులు విప్పి లోపలికి వెళ్లింది. ఆమె గొంతు బయటికే వినిపించింది.

"కోచ్ గారూ! నా ఒంటి సంగతి ఇకనుంచి నన్నే అడగండి."