పందేల బగ్గీ, పోలిరాజుగారి పానా

మా వదిన సీతారత్నంగారి బండి చక్రం ఊడదీసి గోడకి చేరేసి, బళ్లు బాగుచేసే పోలిరాజుగారు మా అరుగెక్కి కూర్చున్నారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కొత్తల మాట. వదినగారి కూతురు కామేశ్వరికి రాజోల్లో అత్తవారింట్లో రెండో కాన్పు నొప్పులు మొదలయ్యేయని పొద్దున్నే కబురొచ్చింది. పొద్దు వాలేలోగా బోడసకుర్రు రేవులో పంటు ఎక్కకపోతే బండి ఇవాళ గోదారి దాటదు. ఇరుసుకి కందెన రాసి పెట్టండి మహాప్రభో అని పిలిస్తే, ఈయన చక్రం ఊడదీసి చుట్ట వెలిగించేరు. చక్రం జారకుండా దిగ్గొట్టే శీల ఆయన సంచీలో, సంచీ ఆయన ఒళ్లో.

"కందెన ఎంతసేపండీ," అని మొదలెట్టేరు. "రవంత రాసి, చక్రం తొడిగి, శీల దిగ్గొట్టడమే. కొత్తపేట బంగళాలో కాలవల దొరగారి బగ్గీకి రాసింది నేనే కదండీ. అది మన బండిలాంటిది కాదండోయ్, పందేల బగ్గీ. రెండే చక్రాలు, ఇద్దరికే చోటు, మూడోవాడు ఆశపడకూడదు. దొరగారి తాత ఇంగిలీషు సీమలో పందేలకి తోలినదాన్ని ఈయన ఓడలో వేయించుకొచ్చేడు. పెళ్లాన్ని మాత్రం వెనకాల ఓడలో రమ్మన్నాడట, అంత ప్రాణం దానిమీద. ఇక్కడి ఉప్పుగాలికి అది కిర్రుమనడం మొదలెట్టింది. కాకినాడ పనివాళ్లొచ్చేరు, బందరు వాళ్లొచ్చేరు, తల గోక్కుని వెళ్లేరు. ఆఖరికి నాకు కబురెట్టేరు. దొరగారు ఏదో అడిగేడు. మర్యాదగా ఆయ్ అన్నాను. ఇంకేదో అడిగేడు. ఆయ్ అన్నాను. ఆయన మొహం చేటంతయిందండీ. వాళ్ల భాషలోనూ ఔననడానికి ఆయ్ అనే అంటారట. ఈయనకింత ఇంగిలీషు వచ్చాక నువ్వెందుకని దుబాసీని ఆ పూటే ఇంటికి పంపించేశాడు."

"ఒక్క ముక్కతో వాడి పొట్ట కొట్టేరన్నమాట," అన్నారు పక్కింటి మాణిక్యాలరావుగారు.

"నేనేం కొట్టలేదండీ, ఆయ్ అన్నానంతే."

వదినగారు గుమ్మంలోకొచ్చి పంటు వేళవుతోందన్నారు.

"అయిపోయిందండీ అక్కగారూ, సంచీ విప్పడమే తరువాయి," అని ఆవిణ్ణి పంపించేసి మళ్లీ మావైపు తిరిగేరు. "ముందు కందెన గొట్టం తీసేను. అందరిలా గడ్డిమసీ ఆముదమూ కాదండీ నాది, అందులో ఇంకోటి కలుపుతాను, అది చెప్పకూడదు. వేలికొసతో ఇరుసుకి అంటించి చక్రాన్ని ఇలా ఒక్క తోపు తోసేను. ఆ తర్వాత ఏమైందో తెలుసాండీ? చక్రం ఆగలేదు. భోజనాలయ్యేయి, ఆగలేదు. దొరసాని దాని ముందు కుర్చీ వేయించుకుని కునుకు తీసింది. వంటవాడు ధాన్యం తెచ్చి ఆ గాలికి తూర్పారబట్టుకున్నాడు. పంకా లాగేవాడు నా బతుకు పోయిందని నా కాళ్లమీద పడ్డాడు."

"పోన్లెండి, దుబాసీకి తోడు దొరికేడు," అన్నాను నేను.

"మర్నాడు గుర్రాన్ని కట్టబోతే బగ్గీ దానికోసం ఆగలేదు సూర్యారావుగారూ. దొరా నేనూ ఎక్కేం, అది అమలాపురం దారి పట్టింది. గుర్రం పాపం వెనకాల పరిగెత్తుకొచ్చింది. మేం ఇక్కడ అమలాపురంలో దిగి కొబ్బరిబొండం తాగుతుంటే, అప్పుడొచ్చిందండీ ఆ పాత కిర్రు చప్పుడు, కొత్తపేట నుంచి మమ్మల్ని వెతుక్కుంటూ."

"గుర్రం కంటే ముందొచ్చిందా, తర్వాతా?" అని మాణిక్యాలరావుగారు చాలా శ్రద్ధగా అడిగేరు.

"రెండూ కలిసొచ్చేయండీ," అన్నారు ఈయన తడుముకోకుండా. "తిరుగుదారిలో ఆ వేగానికి బగ్గీ కాలవగట్టు దిగి బురదలో కూరుకుపోయింది. ఎత్తుదామని జనం మోకులు పట్టుకొచ్చేరు. తప్పుకోండన్నాను. ఎత్తుకర్ర ఇరుసు కింద దోపి, చిటికెనవేలితో ఇలా నొక్కేను. లేచిందండీ బగ్గీ, అందులో దొర, దొర పక్కన గుర్రం."

"గుర్రం ఎందుకెక్కిందండీ?" అన్నాను.

"రొప్పుతోందని మేమే ఎక్కించుకున్నాం. నోరులేని జీవం కదండీ."

వదినగారు మళ్లీ వచ్చేరు. ఈసారి చేతిలో పాతచీరల మూటా బాలింతకి పెట్టే కాయం డబ్బా ఉన్నాయి. తిన్నగా వెళ్లి, ఒంటిచక్రంతో ఒరిగిన బండి పక్కన నుంచున్నారు. ఆయన ఆవిడ మొహంకేసి చూడలేదు. సంచీలోంచి పానా తీసి మాకు చూపించేరు. దానిమీద ఒక్క కందెన మరక లేదు, నిన్న కొన్న బిందెలా తళతళలాడుతోంది.

"ఇహ అసలు సంగతి ఇదండీ. ఇరుసు చివర మనకి శీల ఉన్నచోట వాళ్లకి మరబిళ్ల ఉంటుంది. దాన్ని ఈ పానాతో బిగించాలి. బిగించేను. ఇంకా బిగించేను. బిళ్ల ఇంక తిరగనంది. నాకు ఒళ్లు మండింది. నేనంటూ పానా పట్టేక ఏదో ఒకటి తిరగాలా వద్దా? బిళ్ల తిరగలేదు, బగ్గీ తిరగలేదు, ఊరు తిరిగింది. తోటలూ కాలవా ఇళ్లూ మొత్తం గిర్రున తిరిగేయి. మీ వీధిగుమ్మం అంతకుముందు తూర్పుమొహం సూర్యారావుగారూ. దక్షిణానికి తిరిగింది ఆవేళే."

"వాస్తు చూడకుండా కట్టేరని మా నాన్నగారిని ఇన్నాళ్లూ తిట్టుకున్నానండీ," అన్నాను.

"తప్పు కదండీ, ఆయనేం చేస్తారు," అన్నారు పోలిరాజుగారు జాలిగా.

మాణిక్యాలరావుగారు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. వదినగారు అరుగు దగ్గరికొచ్చేరు. గొంతేం పెంచలేదు.

"అయితే నాకింక బండితో పనిలేదు పోలిరాజుగారూ. ఆ పానా పట్టుకుని ఊరిని ఇంకాస్త తిప్పండి. రాజోలు మా వాకిట్లోకి వచ్చేస్తే నడిచెళ్లి పిల్ల పక్కన కూర్చుంటాను. మొదటి కాన్పులోనే చావుతప్పి బయటపడింది అది. ఈపాటికి అమ్మేదని అడుగుతూంటుంది."

మాణిక్యాలరావుగారి నవ్వు ఆగిపోయింది. అంతసేపూ కూర్చుని విన్నందుకు నాకూ సిగ్గేసింది. పోలిరాజుగారు చుట్ట పారేసి అరుగు దిగేరు. ఇరుసుకి గబగబా కందెన రాసి, చక్రం దగ్గరికెళ్లి రెండు చేతులా పట్టుకుని ఎత్తబోయేరు. లేవలేదు. ఊపిరి బిగబట్టి మళ్లీ లాగేరు. అది గోడని వదల్లేదు.

"ఎవరైనా రవంత సాయం పడతారా అండీ," అన్నారు నేలచూపులు చూస్తూ.

మేం లేచేలోపే వదినగారు మూట బండిలో పడేసి, కొంగు దోపుకుని చక్రానికి రెండోపక్క చెయ్యివేసేరు.

"పట్టండి. ఇందులో దొరా లేడు, గుర్రమూ లేదు. ఉత్త చక్రమేనండీ."

చక్రం ఇరుసెక్కింది, శీల దిగింది. పోలిరాజుగారు పానా సంచీలో వేసుకున్నారు, బండి రేవుకేసి కదిలింది.