నీళ్ళు అనకూడని ఇల్లు

(సింధనూరుకు దగ్గరలో, కాలవ కింద ఆంధ్ర రైతులు స్థిరపడ్డ ఒక క్యాంపు. హైదరాబాదు వెళ్ళడానికి కారు వాకిట్లో సిద్ధంగా ఉంది. పాప ఇంకా లేవలేదు. వంటింట్లో ఇంటావిడ శ్యామలాదేవి, పాపను చూసుకునే సుంకవ్వ.)

“అది కాదు సుంకవ్వా, డాక్టరు నన్నే కదా అడుగుతాడు, బడి నుంచి వచ్చాక పాప ఏం చేస్తుందని. నేనేం చెప్పాలి?”

“ఏం చేస్తదమ్మా. తింటది, ఆడుతది, పంటది.”

“మాటలు?”

“మాటలంటే... గట్లనే ఉంటది.”

“గట్లనే అంటే ఎట్లా?”

“మీరు చూసినట్లనే.”

“నేను చూసేది సాయంత్రం, షాపు కట్టేసి వచ్చాక. అప్పటికి గోడకేసి చూస్తూ కూర్చునుంటుంది. నాలుగేళ్ళ పిల్ల. నన్ను పిలిచి ఆర్నెల్లయింది సుంకవ్వా.”

“మొదట్ల మంచిగనే మాట్లాడుతుండె గదమ్మా.”

“ఏం మంచి? నర్సరీలో చేర్చడానికి తీసుకెళితే, అక్కడి మిస్ వాట్ ఈజ్ యువర్ నేమ్ అని అడిగింది. ‘నాకేమెరుక’ అంది. మా ఆయనా నేనూ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అక్కడే చెప్పారు, పిల్లలకి వాతావరణం ముఖ్యం, చుట్టూ ఏది వింటే అదే పట్టుకుంటారని. అందుకేగా ఇంట్లో అంతా మార్చాను.”

“మార్చిన్రు.”

“అత్తయ్యగారి మాట మోటుగా ఉంటుందని మా మరిది ఉండే గోరేబాళకు పంపించేశాను. ఆయన్ని ఇంట్లో తెలుగులో ఫోను మాట్లాడొద్దన్నాను.”

“గందుకేనా, ఫోనొస్తే అయ్య చేను గట్టుకు ఉరుకుతడు?”

“ఇంట్లో ఇంగ్లీషే. అది రూలు.”

“అయ్యకు ఇంగ్లీషొస్తదా?”

“యస్, నో వచ్చు. సంసారానికి అవి చాలు.”

“మరి మీరిద్దరు ఏం మాట్లాడుకుంటరమ్మా?”

“అవసరమైనవి.”

“నేనెప్పుడు ఇనలే.”

“అన్నీ నీకు వినపడక్కర్లేదు. పాప ‘నీళ్ళు’ అంటే ఇవ్వొద్దు, ‘వాటర్’ అంటేనే ఇవ్వమన్నాను. ఇచ్చావా?”

“ఇయ్యలే. మీరు చెప్పినట్లనే. రెండు దినాలు ఏడ్చింది. ఇప్పుడు అడగదు, కుర్చీ ఎక్కి తానే ముంచుకుంటది.”

“చూశావా? తన పని తను చేసుకోవడం అంటే అదే. డాక్టరుకి ముందు ఈ మాట చెప్పాలి. అవునూ, మీ నేత్ర రావట్లేదుగా?”

“నా మనుమరాలా? మీరొద్దన్నంక గేటు దాటి లోపలికి రాలే.”

“మరి నిన్న పాప గౌను నిండా ఆ బురదేంటి?”

“గది... నేత్ర కాలవ కాడ బొమ్మరిల్లు కడుతుంటే...”

“నేత్ర రాలేదన్నావు?”

“రాలేదమ్మా. పాపనే పోయింది.”

“గేటు దాటి?”

“పాపను ఒద్దనలేదు గద మీరు.”

“బాగుంది. అక్కడ ఏం ఆడారు?”

“ఇంటాట. పాప పెద్దామె, నేత్ర చిన్నపిల్ల. నేత్ర నీళ్ళడిగితే పాప చెంబు ఎన్కకు దాచిపెట్టి, ‘వాటర్ అను, అంటేనే ఇస్త’ అని...”

“అని?”

“...అన్నట్లు చెయ్యి అడ్డం పెట్టింది.”

“చెయ్యి అడ్డం పెడితే నీకంతా అర్థమైపోయిందా?”

“చిన్నప్పటి సంది చూస్తున్న గదమ్మా, తెలుస్తది.”

“నా వైపు చూసి చెప్పు. పాప మాట్లాడుతుందా?”

“డ్రైవరు చాయ్ అడిగిండు. ఇచ్చొస్త.”

“తర్వాత ఇద్దువుగాని. మాట్లాడుతుందా?”

“పాలు పొంగుతున్నయి.”

“స్టవ్ ఆర్పేశాను. చెప్పు.”

“...మాట్లాడుతదమ్మా.”

“అంటే, ఒకటో రెండో మాటలా?”

“ఆపితే గద. కాకికి చెప్తది, కోడికి చెప్తది, బోర్లించిన గిన్నెకు గూడ చెప్తది.”

“దేవుడా. ఏ భాషలో?”

“నా లెక్కనే.”

“ఇంగ్లీషు ఒక్క ముక్క కూడా లేదా?”

“‘ఒద్దు పో, ఓకే?’ అంటది.”

“ఆ డాక్టరు టైము దొరకడానికి నెల పట్టింది. మా చుట్టాలందరికీ చెప్పుకున్నాను, పిల్లకి మాట రావట్లేదు, పెద్ద డాక్టరుకి చూపిస్తున్నామని. ఇప్పుడు మాట ఉంది, కానీ ఇలాంటి మాట అని ఎలా చెప్పను? మాట రాకపోవడమే నయం, జాలి పడతారు.”

“అయితే హైదరాబాదు పోరా? డ్రైవరుకు చెప్పాల్నా?”

“ఎందుకు వెళ్ళం? ఈ యాస ఎలా పోతుందో అడుగుతాను. దానికీ ఏదో ఒక వైద్యం ఉండే ఉంటుంది.”

“ఉంటదేమో.”

“ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదే? రాత్రుళ్ళు నిద్ర లేదు నాకు. తెలుసా నీకు?”

“నా మాట పాపకు అంటితే పనిలకెల్లి తీస్తనంటిరి. తీస్తే యాడికి పోవాలె నేను? ఈ మోకాళ్ళతోటి నాట్లకు పోలేను.”

“ఓహో. అందుకని నా ముందు నోరు విప్పొద్దని దానికి నువ్వే నేర్పావన్నమాట.”

“నేనా? నా మనుమరాలి మీద ఒట్టు, నేను నేర్పలే. నాకు అంత తెలివి యాడిదమ్మా. నేనైతే మరిచిపోయి మాట్లాడుతనే ఉంట. పాపనే నన్ను ఆపుతది.”

“పాప? నిన్ను ఆపుతుందా?”

“మీ స్కూటీ గేటు కాడికి రాంగనే. బొమ్మలు మంచం కిందికి తోసి, పోయి గోడదిక్కు చూస్కుంట కూసుంటది.”

“ఏమని ఆపుతుంది?”

“పొద్దెక్కుతుంది. పాపను లేపున్రి, బయలెల్లున్రి.”

“ఏమంటుందో చెప్పి కదులు. అమ్మ వచ్చింది అంటుందా?”

“ఒదిలెయ్యమ్మా.”

“చెప్పు సుంకవ్వా. ఏమీ అననులే. పనిలోంచి కూడా తియ్యను. అమ్మ వచ్చింది అంటుంది, అంతేగా?”

“అమ్మ అనదమ్మా. ‘మిస్ వచ్చింది అవ్వా, నోరు మూస్కో’ అంటది.”