ఒకే ప్లగ్గు

కొండమీది ఆసుపత్రిలో నెట్‌వర్క్ మెకానిక్ నర్సు ముందు కూలబడ్డాడు.

"ఈ నెట్ డబ్బా పలకట్లేదని వైజాగ్ ఆఫీసు స్క్రీన్‌లో రోజూ 'టైమవుట్' అనే వస్తంది అక్కా. వైరు మార్చాను, డబ్బా మార్చాను. ఇంకేటి మార్చాలి?"

"ఏటీ మార్చకు బాబూ. నువ్వొచ్చినప్పుడు పెడతన్నాను, ఎల్లాక డబ్బా వైరు నేనే పీకేత్తన్నాను."

"ఎందుకక్కా?"

"పనిసేసే ప్లగ్గు ఇదొక్కటే. ఫ్రిజ్జు ఆగితే పిల్లల టీకాలు పాడైపోతాయి."

"జంక్షన్ బాక్సు పెట్టుకోవచ్చు కదా?"

"పెడితే కాలిపోయింది. కొత్త ప్లగ్గులు ఏయించమని సెప్పీ సెప్పీ నోరు నొప్పెట్టింది."

"సరే, పీకేసుకో. పొగమంచుకి సిగ్నల్ అందట్లేదని వైజాగోళ్లకి చెప్తాను."

"బయట ఎండ మండిపోతంది కదా?"

"వాళ్లకి ఎండా కనబడదు, ఫ్రిజ్జూ కనబడదు. డబ్బా ఒక్కటే కనబడతాదక్కా."